సుఖదుర్గంలో పుర్రచెయ్యి

తలుపు తట్టకముందే తెరుచుకుంది.

రాకుమారి వకుళమాల గుండె ఝల్లుమంది. కోట తలుపంటే ఏనుగు కుమ్మినా కదలకూడదు. గడియలు గర్జించాలి, గొలుసులు గోల పెట్టాలి, కావలివాడు "ఎవర్రా అది?" అని గద్దించాలి. ఈ సుఖదుర్గం సింహద్వారం మాత్రం, వచ్చినవాళ్ళు చుట్టాలా శత్రువులా అని కూడా అడగకుండా, పాలమీద మీగడ జరిగినట్టు చప్పుడు లేకుండా పక్కకు జరిగిపోయింది. రమ్మని పిలిచే ఇళ్ళు చాలా చూసింది వకుళమాల. లోపలికి లాక్కునే ఇల్లు ఇదే మొదలు.

వెనక్కి తిరిగి చూసింది. పడమటి కొండ మీద పొద్దు బారెడుంది. అది కొండ దిగేలోగా ఆమె తన అన్న కీర్తిసేనుణ్ణి ఈ కోట బయటికి తీసుకుపోవాలి. లేకపోతే రేపు అతడే మణిగ్రీవపురానికి వచ్చి, కన్నతండ్రి తల తన చేత్తో నరుకుతాడు. నరకాలని అతడికి ఉండదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉంటాయి. చెయ్యి మాత్రం ఆగదు.

ఇంత ముప్పూ ఒక కత్తి తెచ్చిపెట్టింది. కరహారి అనే మాంత్రికుడు వర్తకుడి వేషంలో మణిగ్రీవపురం కొలువుకు వచ్చి, పట్టుగుడ్డ విప్పి ఆ కత్తిని చూపించాడు. దాని పేరు సులభ. "మహారాజా! దీన్ని వాడడానికి సాము నేర్వనక్కర్లేదు, గురువు కాళ్ళు పట్టనక్కర్లేదు. పట్టినవాడి చేతికి పట్టినట్టే అమరుతుంది" అన్నాడు. కీర్తిసేనుడు మంచివాడే గాని సాముగరిడి అంటే ఒళ్ళు వంగదు. ఎవరైనా అరటిపండు ఒలిచి చేతిలో పెడితే తినే రకం. అలాంటివాడు సులభను కుడిచేత్తో అందుకుని, మరుక్షణంలో ముసలి సేనాపతికి ముచ్చెమటలు పట్టించాడు. కొలువంతా చప్పట్లు కొట్టింది. మన యువరాజుకు కత్తి వెన్నతో పెట్టిన విద్య అని పొగిడారు. నిన్నటిదాకా అతణ్ణి చూసి నవ్వినవాళ్ళే!

భోజనానికి లేస్తూ కత్తి కింద పెట్టబోతే వేళ్ళు విడలేదు. కత్తి ముందు, యువరాజు వెనక. తాడు కట్టి లాగిన దూడలా కోట దాటి వెళ్ళిపోయాడు. అడ్డుపడ్డ భటుల్ని అతడి చెయ్యి నరుకుతూ ఉంటే, అతడి నోరు "తప్పుకోండి నాయనా, తప్పుకోండి!" అని ఏడుస్తూనే ఉంది. వర్తకుడు వేషం విప్పి పకపక నవ్వాడు.

"వచ్చే అమావాస్యనాడు పొద్దు గుంకేసరికి ఆ చెయ్యి పూర్తిగా నాదైపోతుంది. మర్నాడు పంపిస్తాను. రాజు మెడ సిద్ధంగా ఉంచండి!"

ఆ అమావాస్య ఇవాళే.

వకుళమాల మగవేషంలో ఉంది. దట్టీ బిగించి, జుట్టు తలపాగాలో దోపింది. ఈ కోటకు నడిచి వస్తున్న బందీలందరి కుడి పిడికిలీ ఏదో ఒక వస్తువు మీద బిగిసి ఉండడం దారిలో పొదల చాటునుంచి చూసింది. అందుకని తన కుడిచేతిలో విరిగిన కత్తిపిడి ఒకటి ఇరికించుకుని, దాని మీద గుడ్డ దిట్టంగా చుట్టుకుంది. అసలు బాకు ఎడమవైపు దట్టీలో ఉంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడప దాటింది. వెనక తలుపు, ఎంత మర్యాదగా తెరుచుకుందో అంత మర్యాదగా మూసుకుంది.

లోపల వైభోగం కళ్ళు చెదరగొట్టింది. చంద్రకాంతపు నేల, పగడపు స్తంభాలు, వాటి మీద పాకిన బంగారు తీగలు, తీగల చివర మాణిక్యాల మొగ్గలు. మొగ్గ వంక చూస్తే చాలు, విచ్చుకుని దీపమవుతుంది. చూపు తిప్పుకుంటే ఆరిపోతుంది. ఆమె కాలెత్తితే మెట్టు తానే వంగి కాలికింద చేరింది. ఆయాసపడితే ఎక్కడినుంచో వింజామర వచ్చి వీచింది. ఆమె ఒక్క క్షణం ఆగిందో లేదో దంతపు పీట ఒకటి వెనకనుంచి జారుకుంటూ వచ్చి పిక్కలకు తగిలింది. కెవ్వున కేక వెయ్యబోయి నోరు నొక్కుకుంది. ఆ పీట మీద కూర్చుంటే మళ్ళీ లేవాలనిపించదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిక్కలే చెప్పాయి.

అన్నిటికన్నా భయం గొలిపింది నిశ్శబ్దం. గాజు గలగల లేదు, బిందె మోత లేదు, చెప్పు చప్పుడు లేదు. అంత పెద్ద కోటలో ఏదీ దేనికీ ఒరుసుకోదు.

తరువాతి సావడిలో మనుషులు కనిపించారు. కొండలాంటి మల్లుడు ఒకడు పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ఎదుట గాలిలో వెండిగిన్నె. గిన్నె వచ్చి గడ్డానికి తగిలితే నోరు తెరుచుకుంటోంది, వెనక్కి పోతే మూసుకుంటోంది. ఆ పక్కన ఒక పడుచు తల దువ్వుకుంటోంది. కాదు, దువ్వెన ఆమెను దువ్వుతోంది. మాడు మీద రక్తం చెమ్మగిల్లుతున్నా ఆగడం లేదు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే రుమాలు ఒకటి పువ్వులా వాలి తుడిచి పోతోంది.

"అక్కా! యువరాజు ఎక్కడ?" అని వకుళమాల గుసగుసగా అడిగింది.

ఆ పడుచు తల తిప్పాలనుకుంది. మెడలో నరాలు ఉబ్బాయి. తల కదల్లేదు. చివరికి మెడ వెనకున్న తలగడే జాలిపడి తలను ఇటు తిప్పింది. అప్పటికి ఆమె చెప్పాలనుకున్న మాట మరిచిపోయింది.

వకుళమాల ఒక అడుగు వెనక్కి వేసింది. సరిగ్గా అప్పుడే కోట లోతుల్లోంచి వినిపించింది ఆ చప్పుడు.

కిర్...ర్...ర్... కటక్!

సావడిలో ఉన్న కళ్ళన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. కదలగలిగినవి కళ్ళు మాత్రమే.

"కదలకమ్మా! సప్పుడు సెయ్యకు!"

ఆ మాట స్తంభం చాటునుంచి వచ్చింది. ఒక ముసలమ్మ కుడిచేత్తో చీపురు పట్టుకుని వస్తోంది. చీపురే ఆమెను ఈడ్చుకొస్తోంది అంటే నిజం. అద్దంలా ఉన్న నేలనే మళ్ళీ మళ్ళీ ఊడుస్తూ, ముసలి పాదాలు తడబడుతున్నా లెక్కచెయ్యకుండా లాగుతోంది.

"ఏమిటవ్వా ఆ చప్పుడు?"

"ఆ కరహారిగాడి గడియ తల్లీ. మజ్జాన్నం కునుకు తీసి లెగిసినాడు. ఆడి తలుపుకి ఒకదాని ఎనక ఒకటి ఇనప గడియలున్నాయి. అయన్నీ తీసుకుని బయటికొస్తాడు. ఈ కోటలో సప్పుడు సేసేయి ఆడి సామాన్లే." ముసలమ్మ ఊడుస్తూనే దగ్గరికి వచ్చింది. "మగేసం కట్టినావు గాని అడుగులో ఆడపిల్లవే. ఆ రాజు బిడ్డ సెల్లెలివా? మొకం అలాగే ఉంది. నన్ను గవరమ్మంటారు. కొంచెం ఎడంగా నిలబడు."

"ఎందుకు?"

"నోరు నాది. సెయ్యి ఆడిది. ఊడవడానికి నడుం నొప్పంటే, పట్టుకుంటే సాలు అదే ఊడుస్తదని ఈ సీపురిచ్చాడు. అదే ఊడుస్తంది. నానే ఆగలేకపోతన్నాను. నా మాట ఇను. నా సేతికి మాత్రం దొరక్కు. ఈ సెయ్యి ఏ కుడిసెయ్యి పట్టుకుంటే ఆ సెయ్యీ ఆడిదైపోద్ది."

రెండో గడియ మూలిగింది. కిర్...ర్... కటక్! ఈసారి కొంచెం దగ్గరగా వినిపించినట్టు అనిపించింది. భయం చెవులకు అలాంటి పనులే చేస్తుంది.

"ఇంత మాయ తెలిసినవాడు తన తలుపుకు గడియలు పెట్టుకోవడమేమిటి?"

"నానూ అడిగినాను. ఆడు దీపం కూడా సెకుముకి రాయితో ఎలిగించుకుంటాడు. పచ్చడి తనే నూరుకుంటాడు. ఎందుకయ్యా అంత కట్టం అంటే నవ్వినాడు. 'ఏ వస్తువైనా నన్ను కాస్త విసిగించాలి ముసలీ. విసుగు పుడితే అది నా చేతిలో ఉందని నాకు తెలుస్తుంది' అన్నాడు."

వకుళమాలకు అప్పుడు అర్థమైంది. లోకమంతటికీ తేనె పోసి, తాను మాత్రం చేదు తాగేవాడంటే, ఆ తేనెలో ఏముందో వాడికి తెలుసన్నమాట.

"అవ్వా, అందరికీ కుడిచెయ్యే ఎందుకు బిగిసింది?"

"ఆడి మంత్రం కుడిసేతికే. ఇచ్చినా పుచ్చుకున్నా మనోళ్ళు కుడిసేత్తోనే కదమ్మా. పదిమందిలో ఎడంసెయ్యి సాపేవోలు ఎవులుంటారు? మరేద తెలిసినోలంతా ఆడికి దొరికిపోయారు."

అంత భయంలోనూ వకుళమాల పెదవి వంగింది. ఆమె పుట్టుకతోనే ఎడమచేతివాటం మనిషి. భోజనాల దగ్గర నాయనమ్మ ఆమె ఎడమచేతిని చీరకొంగుతో పీటకాలికి కట్టేసేది. "రాజుల ఇంట పుర్రచెయ్యేమిటే? ఎవరైనా చూస్తే నవ్విపోతారు!" అని రోజూ తిట్టేది. అన్నం ముద్దకో తిట్టు తిని పెరిగింది ఆ పిల్ల. అయినా వాటం మారలేదు. బాకు పట్టినా, కళ్ళెం పట్టినా, ఎవరూ చూడకపోతే మామిడిపండు పట్టినా ఎడమచెయ్యే ముందుకు వచ్చేది.

"అవ్వా, నాది పుర్రచెయ్యి" అంది.

గవరమ్మ చీపురు ఒక్క క్షణం ఆగినంత పని చేసింది. "అయితే పరిగెట్టు తల్లీ! ఆ పడమటి సావడిలో ఉన్నాడు మీ అన్న. కత్తి నీ ఎడంసేత్తో లాక్కో. కింద మాత్రం పడెయ్యకు. నేల తగిల్తే దగ్గర్లో ఉన్న కుడిసేతిలోకి దూకుద్ది. గుమ్మం బయట కందకం ఉంది, అందులో ముంచెయ్. ఇనపడతందా? మూడో గడియ!"

వకుళమాల పరిగెత్తింది. మెట్లు కాలికింద చేరడానికి పోటీ పడ్డాయి. వాటిని తప్పించుకుని, నున్నటి రాతి అంచుల మీద జారుతూ, గోడలు పట్టుకుంటూ దూకింది. పడమటి సావడి తలుపు ఆమెకోసం తెరుచుకునే ఉంది.

సావడి నిండా ఆయుధాలు పట్టిన మనుషులు బారులు తీరి, పడమటి గవాక్షం వైపు తిరిగి, పొద్దు గుంకే వేళకోసం బొమ్మల్లా నిలబడ్డారు. ఎర్రటి ఎండ వాళ్ళ కత్తుల మీద పడి గోడల నిండా నెత్తుటి మరకల్లా కదులుతోంది. మొదటి వరసలో కీర్తిసేనుడు. బొద్దుగా ఉండే మనిషి చిక్కి సగమయ్యాడు. కుడిచెయ్యి మాత్రం ఇనుములా పెరిగింది. ఆ చేతిలో సులభ నిగనిగలాడుతోంది.

"అన్నయ్యా!"

"వకుళా!" అన్నాడు కీర్తిసేనుడు. "ఎందుకొచ్చావే? దగ్గరికి రాకు. నీ మెడ ఎక్కడుందో దీనికి తెలుసు!"

మాట పూర్తికాకముందే సులభ లేచింది. యువరాజు దాని వెనక కొట్టుకొచ్చాడు. వకుళమాల ఎడమచేత్తో బాకు దూసింది.

"పైనుంచి వస్తోంది!" అని అరిచాడు అన్న. ఆమె వంగింది. తలపాగా తెగి ఎగిరిపోయింది.

"పక్కటెముకలు! పక్కటెముకలు!" ఆమె స్తంభం చాటుకు దొర్లింది. కత్తి వేటుకు పగడపు స్తంభం అరటిబోదెలా తెగింది.

"కాళ్ళమీదికి! ఎగురు వకుళా, ఎగురు!" ఏడుస్తూ అరుస్తున్నాడు కీర్తిసేనుడు. తన చెయ్యి చంపబోతున్న చెల్లెల్ని తన నోటితో కాపాడుకుంటున్నాడు పాపం! ఆమె ఎగిరింది. దిగేసరికి బాకు మీద వేటు పడింది. బాకు రెండు ముక్కలైంది. వకుళమాల వెల్లకిలా పడింది. సులభ ఆమె గొంతు మీదికి సూటిగా దిగుతోంది.

"కళ్ళు మూసుకో తల్లీ" అన్నాడు అన్న. ఇంకేం చెప్పాలో అతడికి తెలియలేదు.

ఆమె కళ్ళు మూసుకోలేదు. దొర్లి, అన్న చంకకిందికి దూరి, అతడి వేళ్ళకూ పిడి మీది అడ్డపట్టీకీ మధ్య దొరికిన కాస్త పిడినీ ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

మరుక్షణం సులభ గతి తప్పింది. పిడి మీది వేళ్ళ గాట్లన్నీ కుడి అరచేతికి చెక్కినవి. బొటనవేలు ఆనవలసిన చోట చిటికెనవేలు పడింది. నున్నగా ఉండవలసిన చోట ఎత్తు వచ్చి అరచేతిని కోసింది. కత్తికి ఆమె అర్థం కాలేదు, ఆమెకు కత్తి అమరలేదు. మంత్రం చిక్కుపడి, అంత గొప్ప సులభా మొద్దు ఇనుపకడ్డీలా బరువెక్కి ఆగిపోయింది. కీర్తిసేనుడి వేళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. అతడు కుప్పకూలాడు.

కిర్...ర్...ర్... కటక్! మరో గడియ.

"లే అన్నయ్యా! లే!"

"కాళ్ళు నావి కావేమోనే. చెప్పినా వినడం లేదు."

వకుళమాల కుడిమోచేయి అతడి చంకకింద వేసి ఎత్తింది. యువరాజు అప్పుడే పుట్టిన దూడలా తూలుతూ నిలబడ్డాడు. గవాక్షంలో పొద్దు కొండను తాకింది. సులభ ఆమె ఎడమ అరచేతిని కొరుకుతూనే ఉంది. నెత్తురు పిడి మీద జిడ్డు కట్టింది. పిడి జారుతోంది. జారి నేలను తాకిందా, దగ్గర్లో ఉన్న కుడిచెయ్యి అన్నదే!

అప్పుడు వకుళమాల ఒక పని చేసింది. తప్పు పట్టడానికి మనకు మనసు రాదు, కాని తప్పు తప్పే. కుడిచేతికి చుట్టుకున్న గుడ్డను పళ్ళతో విప్పి, విరిగిన పిడిని పారేసి, ఆ గుడ్డను సులభ పిడికి చుట్టి తన ఎడమచేతికి బిగించి నోటితోనే లాగి ముడి వేసుకుంది. ఇప్పుడు కోత లేదు. పిడి మెత్తగా, వాటంగా ఉంది. హమ్మయ్య అనుకుంది. ఆ కోటలో హమ్మయ్య అనుకున్నవాళ్ళెవరూ బాగుపడలేదు.

అన్నను ఈడ్చుకుంటూ సింహద్వారం ముందున్న మెట్ల దాకా వచ్చింది. కందకంలో నీళ్ళు తలుపు సందులోంచి తళతళలాడుతూ కనిపించాయి. ఇక పదడుగులు వేస్తే గండం గడిచినట్టే. అక్కడ మెట్ల పైన గవరమ్మ ఊడుస్తోంది. చీపురు గిర్రున తిరిగి ముసలమ్మ కాళ్ళకు అడ్డంపడింది. ఆమె నిలువునా తలకిందులుగా మెట్ల మీదినుంచి పడబోయింది.

పడిపోయే ముసలిమనిషికి చెయ్యి అందించడానికి ఎవరూ ఆలోచించరు. ఎడమచేతికి కత్తి కట్టి ఉంది. వకుళమాల కుడిచెయ్యి చాపింది.

"ఒద్దమ్మా! ఒద్దు!" అని గవరమ్మ నోరు గగ్గోలు పెట్టింది. గవరమ్మ కుడిచెయ్యి మాత్రం ఒక్క క్షణం చీపుర్ని వదిలి, ఆ కుడిచేతిని చటుక్కున అందుకుంది.

ఎంత సుఖమైన స్పర్శ అది! చిన్నప్పుడు జ్వరంలో అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు ఉంది. భుజంలో నొప్పి పోయింది, మోచేతిలో బరువు పోయింది. ఆ తరువాత భుజమూ మోచెయ్యీ కూడా పోయినట్టే అనిపించింది. ముసలి చెయ్యి వదిలేసి మళ్ళీ చీపుర్ని పట్టుకుంది. చీపురు గవరమ్మను ఈడ్చుకుపోయింది. "నాను సెప్పాను కదే తల్లీ, నాను సెప్పాను కదే!" అనే ఏడుపు సావళ్ళలోకి దూరమైపోయింది.

వకుళమాల తన కుడిచేతి వంక చూసింది. అది ఆమె చెప్పకుండానే లేచింది. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు వచ్చి, ఎడమచేతికి కట్టిన ముడి మీద వాలింది. కుడిచేత్తో ముడి విప్పడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. ఇప్పుడు వేళ్ళు ఎంత చక్కగా కదులుతున్నాయో! నాయనమ్మ చూస్తే మురిసిపోయేది. వకుళమాల ఎడమచేతిని వెనక్కి లాక్కోబోయింది, కుడిచెయ్యి దాని వెంటే వచ్చింది.

కిర్...ర్...ర్... కటక్! ఈసారి గడియ వెనక తలుపు రెక్క ఈడ్చుకుంటూ తెరుచుకున్న మోత కూడా వినిపించింది. ఆ తరువాత అడుగులు. కర్రచెప్పుల టకటక. ఈ కోటలో చప్పుడు చేసే కాళ్ళు ఎవరివో ఆమెకు తెలుసు.

ముడి సగం ఊడింది. పొద్దు సగం మునిగింది.

"అన్నయ్యా! నా కుడిచెయ్యి పట్టుకో! ఆపు దాన్ని!"

ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఉన్న కీర్తిసేనుడు ఎడమచేత్తో మెట్టును ఊతపట్టుకుని తన కుడిచేతిని ఎత్తాడు. అది ఆమె మణికట్టు దాకా వచ్చి, వేళ్ళు వేలాడేసుకుని ఊరుకుంది. ఇన్నాళ్ళూ కత్తే ముడిచిన వేళ్ళు అవి. తమంతట తాము ముడుచుకోవడం మరిచిపోయాయి.

"నావల్ల కావడం లేదే వకుళా" అన్నాడు అతడు వెక్కుతూ. "కష్టంగా ఉంది. ఒక్క వేలు వంచడానికే ప్రాణం పోతోంది."

"కష్టంగా ఉందా?" వకుళమాలకు ఏడుపులో నవ్వు వచ్చింది. "నిజంగా ఉందా అన్నయ్యా? అయితే అది నీ వేలే. వాడిది కాదు. వంచు!"

కర్రచెప్పుల చప్పుడు మెట్ల పైకి వచ్చి ఆగింది. ఎవరో నింపాదిగా చెకుముకి రాయి గీసుకుంటున్నారు. ఒకసారి గీస్తే అంటుకోలేదు. మళ్ళీ గీశారు.

ముడి ఊడిపోయింది. గుడ్డ నేలమీద పడింది. కుడిచెయ్యి సులభ పిడి మీదికి హాయిగా వాలబోతోంది.

యువరాజు కీర్తిసేనుడు పళ్ళు బిగించాడు. నుదుట నరం ఉబ్బింది, ముక్కులోంచి నెత్తురు చుక్క జారింది. అతడి చిటికెనవేలు గజగజ వణుకుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా ఎవరి సాయమూ లేకుండా వంగి, చెల్లెలి మణికట్టు చుట్టూ పడి, పిడికి వెంట్రుకవాసి దూరంలో ఆ చేతిని నిలిపింది.